రూపు మారిన నాదం

చేతివ్రేళ్ళతో సాధించిన విద్య ఆ వ్రేళ్ళకే అందకుండా పోతే కళాకారునికి మిగిలేదేమిటి? వాద్యం మూగబోయినంత మాత్రాన సంగీతం అంతరించినట్లేనా? ఇరవయ్యో శతాబ్దపు పాశ్చాత్య సంగీత ప్రపంచంలో అసామాన్యమైన కీర్తిని ఆర్జించి, ఇరవై ఎనిమిదేళ్ళ వయస్సులోనే వాద్యాన్ని విడువవలసి వచ్చిన ఒక ఆంగ్ల యువతి జీవితం ఈ ప్రశ్నలను మన ముందుంచుతుంది. ఆమె పేరు జాక్వెలిన్ డు ప్రే. ఆమె వాద్యం చెల్లో. ఆమెను వాద్యానికి దూరం చేసిన వ్యాధి మల్టిపుల్ స్క్లెరోసిస్.

చెల్లో వయొలిన్ కుటుంబానికి చెందిన నాలుగు తంత్రుల వాద్యం. పరిమాణంలో వయొలిన్ కంటె చాలా పెద్దది. వాయించేవారు కుర్చీలో కూర్చుండి, దానిని మోకాళ్ళ నడుమ నిలిపి, ఎడమచేతి వ్రేళ్ళతో తంత్రులను నొక్కుతూ, కుడిచేతిలోని కమానుతో నాదాన్ని పలికిస్తారు. మానవ కంఠానికి సన్నిహితమైన గంభీర నాదం దీని ప్రత్యేకత. మన వీణకు ఉన్నట్లు దీనికి మెట్లు ఉండవు. స్వరస్థానాన్ని వెదకి పట్టుకోవడానికి చెవికి తోడుగా వ్రేలికొనల స్పర్శే ఆధారం. ఆ స్పర్శ లోపిస్తే ఎంతటి విద్వాంసులకైనా ఈ వాద్యం వశం కాదు. జాక్వెలిన్ జీవితంలో సంభవించిన విషాదం ఇదే.

జాక్వెలిన్ 1945వ సంవత్సరం జనవరి 26వ తేదీన ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డు నగరంలో జన్మించింది. తండ్రి డెరెక్, తల్లి ఐరిస్. తల్లి పియానో వాద్యంలో నిపుణురాలు, సంగీతోపాధ్యాయిని. నాలుగేళ్ళ ప్రాయంలో జాక్వెలిన్ రేడియోలో వివిధ వాద్యాల ధ్వనులను వినిపించే కార్యక్రమం ఒకటి విన్నది. వాటిలో చెల్లో నాదం ఆ పసిహృదయాన్ని ఆకట్టుకొన్నది. అటువంటి వాద్యమే తనకు కావాలని తల్లిని కోరింది. తల్లి ఆ కోరిక తీర్చడంతో ఊరుకోలేదు. కుమార్తె కోసం చిన్న చిన్న స్వరరచనలు చేసి, వాటికి బొమ్మలు గీసి, రాత్రివేళ ఆమె తలగడ క్రింద ఉంచేది. ఉదయం లేవగానే ఆ కానుకను చూచి, బాలిక దానిని వాయించడానికి ఉత్సాహంతో వాద్యం చేతబట్టేది. సాధన ఆ ఇంటిలో శిక్షగా గాక, ఆటగా ఆరంభమైంది.

పదేళ్ళ వయస్సులో ఆమె విలియం ప్లీత్ అనే ప్రసిద్ధ చెల్లో విద్వాంసుని వద్ద శిష్యురాలుగా చేరింది. శిష్యురాలి ప్రతిభను గుర్తించిన ఆయన, ఆమె సహజావేశాన్ని అణచివేయక, దానికి క్రమశిక్షణను జోడించాడు. 1956లో, పదకొండేళ్ళ ప్రాయంలో, ఆమె సుజ్జియా పురస్కారం పొందింది. 1961 మార్చి 1వ తేదీన లండనులోని విగ్‌మోర్ హాలులో తన తొలి ప్రధాన కచేరీ చేసింది. అప్పటికి ఆమె వయస్సు పదహారేళ్ళు. ఇటలీ దేశపు వాద్యశిల్పి ఆంటోనియో స్ట్రాడివారి 1712లో నిర్మించిన డేవిడోవ్ చెల్లో ఆ తరువాత కొన్నేళ్ళకు ఆమెకు కానుకగా లభించింది.

ఆమె కీర్తి ఎడ్వర్డ్ ఎల్గార్ అనే ఆంగ్ల స్వరకర్త రచించిన చెల్లో కాన్సెర్టోతో పెనవేసుకొని ఉన్నది. కాన్సెర్టో అంటే వాద్యబృందం తోడుగా ఒక ప్రధాన వాద్యకారుడు వాయించడానికి ఉద్దేశించిన పెద్ద రచన. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాత, 1919లో ఎల్గార్ దీనిని పూర్తిచేశాడు. తగినంత సాధన లేకపోవడం వల్ల తొలి ప్రదర్శన విఫలమైంది. నాటి వాద్యబృందంలో జాన్ బార్బిరోలీ అనే యువకుడు చెల్లో వాయించాడు. నలభై ఆరేళ్ళ తరువాత, 1965లో, ఆ బార్బిరోలీ లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాకు నిర్వాహకుడై నిలువగా, ఇరవయ్యేళ్ళ జాక్వెలిన్ ఆ రచనను వాయించి రికార్డు చేసింది. వృద్ధాప్యంలో ఒక స్వరకర్త అనుభవించిన వేదన, ఇరవయ్యేళ్ళ యువతి చేతిలో ప్రాణం పోసుకొన్నది. ఆ రికార్డును సంగీతాభిమానులు నేటికీ ఆదరంతో వింటున్నారు.

1967 జూన్ నెలలో ఆమె పియానో విద్వాంసుడు, వాద్యబృంద నిర్వాహకుడు అయిన డేనియల్ బారెన్‌బోయిమ్‌ను జెరూసలేములో వివాహమాడింది. ఆ దంపతులు ఎన్నో దేశాలలో కలిసి కచేరీలు చేశారు. 1969లో లండనులో జరిగిన షూబర్ట్ రచన ప్రదర్శన వారి స్నేహబృందానికి చిరస్మరణీయమైనది. అందులో ముంబయిలో జన్మించిన జుబిన్ మెహతా డబుల్ బాస్ వాయించగా, ఇట్జాక్ పెర్ల్‌మన్, పింకస్ జుకర్‌మన్ పాలుపంచుకొన్నారు. చలనచిత్రంగా నిలిచిన ఆ ప్రదర్శనలో జాక్వెలిన్ ముఖాన వెల్లివిరిసిన ఆనందాన్ని నేటికీ చూడవచ్చు.

అంతలోనే ఆమె జీవితాన్ని కారుమేఘం కమ్మింది. 1971 నాటికి వ్రేళ్ళలో స్పర్శ తగ్గసాగింది. కారణం తెలియని అలసట ఆవరించింది. అది మనసుకు కలిగిన ఒత్తిడి ఫలితమని తొలుత భావించారు. కొంతకాలం విశ్రాంతి తీసుకొని ఆమె మరల వేదిక నెక్కింది. 1973 ఫిబ్రవరిలో న్యూయార్కు నగరంలో బ్రామ్స్ రచనతో నాలుగు కచేరీలు ఏర్పాటయ్యాయి. అప్పటికి వాద్యపు పెట్టె మూత తెరవడం కూడ ఆమెకు కష్టమైంది. కమాను బరువెంతో చేతికి తెలియలేదు. వ్రేళ్ళు తంత్రులపై ఎక్కడ ఉన్నవో కంటితో చూచి వాయించవలసి వచ్చింది. ఆ స్థితిలోనే మూడు కచేరీలు చేసి, నాలుగవ దానిని విరమించుకొన్నది. ఆమె బహిరంగ వాద్యప్రదర్శనలు అంతటితో ముగిశాయి. ఆ ఏడాది అక్టోబరులో వైద్యులు వ్యాధిని నిర్ధారించారు.

మార్కాపురం పలకపై ఓనమాలు దిద్దే పసివాని చేతిని గమనిస్తే ఈ వ్యాధి స్వరూపం కొంత బోధపడుతుంది. బలపపు ఒరిపిడిని వ్రేళ్ళు గ్రహించి మెదడుకు తెలుపుతాయి. ఎంత గట్టిగా నొక్కాలో, ఏ వైపు వంపు తిప్పాలో మెదడు వ్రేళ్ళకు ఆజ్ఞాపిస్తుంది. ఈ రాకపోకలన్నీ నాడుల ద్వారా రెప్పపాటులో జరిగిపోతాయి. విద్యుత్తు తీగకు తొడుగు ఉన్నట్లే నాడీతంతువులకు మైలిన్ అనే తొడుగు ఉంటుంది. శరీరాన్ని కాపాడవలసిన రక్షణ వ్యవస్థ పొరబడి, మెదడు, వెన్నుపాము, కంటినాడులలోని ఆ తొడుగును దెబ్బతీయడమే మల్టిపుల్ స్క్లెరోసిస్. గాయపడిన అనేక చోట్ల మచ్చలు గట్టిపడతాయి కనుక ఆ పేరు వచ్చింది. ఫ్రెంచి వైద్యుడు జాన్ మార్టిన్ షార్కో 1868లో ఈ వ్యాధిని స్పష్టంగా వర్ణించాడు. తిమ్మిరి, చూపు మసకబారడం, నడకలో తూలిపాటు, తీవ్రమైన అలసట దీని లక్షణాలు. ఇది అంటువ్యాధి కాదు. సాధారణంగా ఇరవై, నలభై ఏళ్ళ మధ్య వయస్సులో బయటపడుతుంది. పురుషులకంటె స్త్రీలలో అధికం. వ్యాధి గమనాన్ని మందగింపజేసే తొలి ఔషధానికి అమెరికాలో అనుమతి లభించినది 1993లో. జాక్వెలిన్ నాటికి అటువంటి మందు లేదు.

నాలుగేళ్ళ వయస్సు నుండి వాద్యమే లోకంగా పెరిగిన ఆమెకు ఇది భరింపరాని దెబ్బ. ఆమె దుఃఖించింది, క్రుంగిపోయింది. చక్రాల కుర్చీ ఆమెకు ఆధారమైంది. దైనందిన కార్యాలకు సైతం ఇతరులపై ఆధారపడవలసి వచ్చింది. ధైర్యం అంటే దుఃఖం లేకపోవడం కాదు. దుఃఖిస్తున్నప్పటికీ తనకు ఇష్టమైన దానిని పూర్తిగా వదలకపోవడమే ఆమె చూపిన ధైర్యం.

వాయించలేని ఆమె బోధించసాగింది. లండనులోని ఆమె ఇంటికి యువ విద్వాంసులు చెల్లోలతో వచ్చేవారు. ఈ మార్పు సులభసాధ్యమైనది కాదు. అంతకుముందు ఆమెకు సంగీతాన్ని మాటలలో వివరించవలసిన అవసరం కలుగలేదు. సందేహం వస్తే వాద్యం తీసి వాయించి చూపితే చాలును. ఇప్పుడు చేయి చెప్పవలసినదంతా నోరు చెప్పవలసి వచ్చింది. ఒక స్వరం ఎందుకు సాగాలి, కమాను ఎక్కడ తేలికపడాలి, ఒక పలుకుకు ముందు నిశ్శబ్దం ఎంతసేపు నిలవాలి అనే విషయాలకు ఆమె మాటలు వెదకుకొన్నది. అవసరమైనచోట పాడి వినిపించింది. ఆ విధంగా వ్రేలికొనలలో దాగి ఉన్న విద్య వాక్కులోనికి ప్రవహించింది.

ఆమె గొంతు మరొక విధంగాను సంగీతానికి ఉపకరించింది. రష్యా స్వరకర్త ప్రొకోఫియెవ్ 1936లో బాలల కోసం రచించిన పీటర్, తోడేలు కథలో ఒక్కొక్క పాత్రకు ఒక్కొక్క వాద్యం ప్రతినిధి. పక్షికి వేణువు, పిల్లికి క్లారినెట్, తోడేలుకు కొమ్ములు. కథకుని పలుకులు వాటిని జతపరుస్తాయి. బారెన్‌బోయిమ్ నిర్వహణలో రికార్డైన ఆ రచనకు జాక్వెలిన్ కథకురాలైంది. నాలుగేళ్ళప్పుడు రేడియోలో వాద్యాల పరిచయం విని మురిసిన ఆమె, తానే బాలలకు వాద్యాలను పరిచయం చేసే గొంతుగా నిలిచింది. బ్రిటిష్ ప్రభుత్వం ఆమెను 1976లో ఓ.బి.ఇ. బిరుదుతో గౌరవించింది.

వ్యాధి మాత్రం ఆగలేదు. క్రమంగా చేతులు వణికాయి, చూపు మందగించింది, చివరకు మాట కూడ కష్టమైంది. వాయించడం పోయి బోధన మిగిలింది, బోధన పోయి వినడం మిగిలింది. 1987 అక్టోబరు 19వ తేదీన, నలభై రెండేళ్ళ వయస్సులో ఆమె లండనులో కన్నుమూసింది. ఆమె డేవిడోవ్ చెల్లోను తరువాతి కాలంలో యో యో మా అనే విశ్వవిఖ్యాత విద్వాంసుడు వాయించాడు. ఆమె జన్మించిన ఆక్స్‌ఫర్డులో సెయింట్ హిల్డాస్ కళాశాల తన సంగీత భవనానికి ఆమె పేరు పెట్టింది.

జాక్వెలిన్ జీవితం ఈ వ్యాధితో జీవించే సామాన్యులకు సైతం మార్గం చూపుతుంది. కళ వ్యాధిని నయం చేయదు. అయితే వ్యాధి మనిషి దినమంతటినీ ఆక్రమించకుండా కొంత చోటును కాపాడుతుంది. సన్నని కుంచె పట్టలేనివారు లావుపిడి కుంచెతో చిత్రాలు వేయవచ్చు. వ్రాయలేనివారు చెప్పి వ్రాయించవచ్చు. చూపు అలసినవారు పుస్తకాన్ని చదివించుకొని వినవచ్చు. వంగలేనివారు నడుము ఎత్తున తొట్లు అమర్చుకొని పూలమొక్కలు పెంచవచ్చు. వేడిమి సోకితే ఈ వ్యాధి లక్షణాలు తాత్కాలికంగా తీవ్రమవుతాయి. కనుక గిద్దలూరు, మార్కాపురం వంటి చోట్ల మండువేసవిలో ఇటువంటి వ్యాపకాలకు తెల్లవారుజాము చల్లదనమే అనువైన వేళ. ఒకేసారి అలసిపోయేదాకా శ్రమించక, కొద్దిసేపు చేసి విశ్రమించడం ముఖ్యం.

మన దేశంలో ఈ రోగులకు అండగా మల్టిపుల్ స్క్లెరోసిస్ సొసైటీ ఆఫ్ ఇండియా 1985లో ఏర్పడింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం తాను గుర్తించిన 21 వైకల్యాలలో ఈ వ్యాధిని కూడ చేర్చింది. శరీరం మాట వినని కష్టం పశ్చిమ ప్రకాశానికి క్రొత్త కాదు. ఈ వ్యాధి వేరు, కారణం వేరు అయినప్పటికీ, ఫ్లోరైడు నీటి వల్ల ఎముకలు, కీళ్ళు బిగుసుకుపోయి బాధపడేవారిని ఈ ప్రాంతం ఎరుగును. అటువంటివారికి మందు, మంచినీరు, ఆసరా అవసరం. వాటితోపాటు వారి మనసుకు నచ్చిన పని కూడ అవసరమే. చూపు మందగించి చదువు మానవలసి వచ్చిన ద్వారం వెంకటస్వామి నాయుడుగారు వయొలిన్ విద్వాంసులై తెలుగునాట సంగీతానికి వెలుగైన సంగతి మనకు తెలిసినదే.

జాక్వెలిన్ చేతి నాదం పన్నెండేళ్ళ కచేరీలతో ముగిసింది. సంగీతంతో ఆమె అనుబంధం మాత్రం మరి పద్నాలుగేళ్ళు సాగింది. అనారోగ్యంతో ఇంటిపట్టున ఉన్న బంధువునో, పొరుగువారినో చూచినపుడు వారు కోల్పోయినదానిని గురించి జాలిపడడం సులభం. వారికి ఇంకా ఏది ఇష్టమో అడిగి తెలుసుకొని, దానికి కావలసిన చిన్న సాయం చేయడం అంతకంటె మేలైన పని. చెల్లోలు పట్టుకొని ఆ ఇంటి తలుపు తట్టిన శిష్యులు జాక్వెలిన్‌కు చేసినది అటువంటి సాయమే.