శక్తికి కొలత చూపిన జౌల్



పనికీ, శక్తికీ ప్రమాణం జౌల్ అని మనం భౌతికశాస్త్రంలో చదువుతాం. ఆహారం గురించి చెప్పేటప్పుడు కేలరీలు అంటాం. కరెంటు మీటరు దగ్గరకు వచ్చేసరికి యూనిట్లు అంటాం. ఇవన్నీ ఒకే శక్తికి కొలతలని మనకు తెలియజేసినవారిలో ముఖ్యుడు జేమ్స్ ప్రెస్కాట్ జౌల్.

ఆయన 1818 డిసెంబరు 24న ఇంగ్లండులోని మాంచెస్టరు పక్కనున్న సాల్ఫోర్డులో జన్మించారు. తండ్రికి బీరు తయారుచేసే కర్మాగారం ఉండేది. చిన్ననాట ఆరోగ్యం సరిగా లేక జౌల్ ఇంటి దగ్గరే చదువుకున్నారు. పరమాణు సిద్ధాంతం చెప్పిన జాన్ డాల్టన్ ఆయనకూ, ఆయన అన్నకూ గురువు. 1837లో డాల్టన్‌కు పక్షవాతం రావడంతో ఆ చదువు ఆగిపోయింది. జౌల్ విశ్వవిద్యాలయ పట్టా పొందలేదు. ఆచార్య పదవి చేయలేదు. కర్మాగారం పనులు చూసుకుంటూ సొంత ఖర్చుతో ప్రయోగాలు చేశారు.

తీగలో పుట్టే ఉష్ణం విద్యుత్ ప్రవాహపు వర్గానికీ, నిరోధానికీ అనులోమానుపాతంలో ఉంటుందని 1841లో ప్రకటించారు. అప్పటికి ఆయన వయసు 22 ఏళ్లే.

ఆ రోజుల్లో ఉష్ణం కంటికి కనబడని ఒక ద్రవమని చాలామంది నమ్మేవారు. అందువల్ల పనికి ఒక కొలత, ఉష్ణానికి మరో కొలత ఉండేవి. పనే ఉష్ణంగా మారుతుందని జౌల్ 1843లో కార్క్ నగరంలో జరిగిన శాస్త్రజ్ఞుల సభలో చెప్పారు. ఎవరూ పట్టించుకోలేదు. ఆయన నిరుత్సాహపడక మళ్లీ మళ్లీ కొలిచారు. పాత్రలో నీళ్లు పోసి, అందులో తెడ్ల చక్రం అమర్చి, దారానికి కట్టిన బరువులు కిందికి దిగుతూ దాన్ని తిప్పేలా చేశారు. నీటి ఉష్ణోగ్రత చాలా కొద్దిగా మాత్రమే పెరిగేది. దాన్ని కూడా ఓపికగా కొలిచారు.

1847లో ఆక్స్‌ఫర్డ్ సభలో యువ ఆచార్యుడు విలియం థామ్సన్ ఆయన మాట విని ఆసక్తి చూపారు. ఈయనే తర్వాత లార్డ్ కెల్విన్ అయ్యారు. ఒక పౌండు నీటిని ఒక ఫారన్‌హీట్ డిగ్రీ వేడిచేయడానికి 772 అడుగు-పౌండ్ల పని కావాలని జౌల్ 1850లో ప్రచురించారు. నేటి విలువకూ దీనికీ ఒక శాతం కూడా తేడా లేదు. అదే ఏడు రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకుంది.

1854లో భార్య మరణించారు. చివరి రోజుల్లో ఆస్తి తరిగిపోగా, 1878లో ప్రభుత్వం ఏడాదికి 200 పౌండ్ల పింఛను ఇచ్చింది. 1889 అక్టోబరు 11న ఆయన కన్నుమూశారు. ఆయన సమాధి రాయి మీద 772.55 అనే అంకె చెక్కి ఉంది. 1948లో అంతర్జాతీయ తూనికలు కొలతల మహాసభ ఉష్ణానికి కూడా జౌల్‌నే ప్రమాణంగా స్వీకరించింది.

సుమారు 100 గ్రాముల వస్తువును ఒక మీటరు ఎత్తితే ఒక జౌల్ పని. ఒక కేలరీ అంటే సుమారు 4.2 జౌళ్లు. ఆహారం లెక్కలో చెప్పే కేలరీ దీనికి వెయ్యి రెట్లు. ఒక కరెంటు యూనిట్ అంటే 36 లక్షల జౌళ్లు. అంటే 40 వాట్ల బల్బు 25 గంటలు వెలిగితే ఒక యూనిట్ ఖర్చవుతుంది.

మిత్రులారా! జౌల్‌కు డబ్బుంది, పట్టా లేదు. హాస్టల్లో చదివే మనకు ఆయనకున్న డబ్బు లేదు. కానీ థర్మామీటరు డబ్బున్నవాడికి ఒకలా, లేనివాడికి ఒకలా చూపదు. పెద్దలు ఒప్పుకోనంత మాత్రాన మన లెక్క తప్పని అనుకోరాదు. మనకు నచ్చినంత మాత్రాన ఒప్పనీ అనుకోరాదు. మళ్లీ కొలిచి చూడాలి. జౌల్ జీవితం మనకు నేర్పేది ఇదే.