బాలురను నమ్మిన రవీంద్రుడు

1873వ సంవత్సరారంభమున, ఉపనయనమునకై శిరోముండనము చేయించుకొనిన పదునొకండేండ్ల బాలుడొకడు తండ్రివెంట కలకత్తా విడిచి బోలుపూరు చేరెను. తండ్రి మహర్షి దేవేంద్రనాథ ఠాకూరు, బాలుడు రవీంద్రుడు. ఇంటిలో సేవకుల కావలిలో, గీచిన గీటు దాటక పెరిగిన యా పిల్లవానిని తండ్రి ఇచ్చట ఎఱ్ఱమట్టి మిట్టలలో, వాగులలో స్వేచ్ఛగా తిరుగనిచ్చెను. ప్రతిదినము వాడు ఏరితెచ్చు రాళ్లను చూచి మెచ్చుకొనెను. చిల్లరడబ్బుల సంచి వానికే యిచ్చి, దానధర్మములకు వ్యయమైనది లెక్క వ్రాయుమని నియమించెను. ఆ లెక్క యెన్నడును సరిపోలేదు. ఒకనాడు ఖర్చు పోగా మిగిలినది మొదటి మొత్తముకంటె అధికముగా తేలెను! మహర్షి నవ్వి యూరకొనెను. తన బంగారు గడియారమునకు తాళమిచ్చు పనియు వానికే అప్పగించెను. బాలుడు అత్యుత్సాహమున తిప్పి తిప్పి, తుదకు దానిని మరమ్మతుకై కలకత్తాకు పంపవలసినంత చేసెను. చెడునేమో యను శంక తండ్రికి లేకపోలేదు. అయినను వస్తువు చెడుటకంటె బాలునకు బాధ్యత తెలియకపోవుటయే గొప్ప నష్టమని ఆయన భావించినట్లున్నది.

అంతకుముందు రవీంద్రుడెరిగిన విద్య వేరు. ఓరియంటల్ సెమినరీలో పాఠమప్పగింపలేని పిల్లవానిని బల్లపై నిలిపి, చాచిన అరచేతులపై పలకలు పేర్చెడివారు. ఆ పాఠశాలలో ఈ శిశువు నేర్చినదేమి? ఇంటికి వచ్చి, బెత్తము పూని, వసారాలోని కొయ్యకటకటాలనే శిష్యులుగా భావించి వానిని చావమోదుట! ఉపాధ్యాయుల విద్యకంటె వారి కోపము ఎంత సులభముగా అబ్బునో పెద్దవాడైన పిమ్మట ఆయనయే వ్రాసికొనెను. నార్మల్ స్కూలు, బెంగాల్ అకాడమీ, సెయింట్ జేవియర్స్, ఎచ్చటను ఆయన నిలువలేదు. పదునాలుగు పదునైదేండ్ల ప్రాయముననే బడిచదువు ముగిసెను.

అట్టివాడు 1901 డిసెంబరు 22వ తేదీన, తండ్రి ధ్యానమునకై ఏర్పరచుకొనిన శాంతినికేతనముననే, ఐదుగురు బాలురతో బ్రహ్మచర్యాశ్రమమను పాఠశాలను నెలకొల్పెను. ఆ ఐదుగురిలో తన జ్యేష్ఠపుత్రుడు రథీంద్రుడును ఉండెను. బ్రహ్మబాంధవ ఉపాధ్యాయుడు తొలుత తోడ్పడెను. బాలురకు పాదరక్షలు లేవు, గొడుగులు లేవు. జీతము పుచ్చుకొనుట గురుకులధర్మము గాదని మొదట ఏమియు తీసికొనలేదు. కావున పూరీలోని ఇల్లు విక్రయింపబడెను; సాధ్వియైన మృణాళినీదేవి నగలును పోయెను. ఆమె 1902లో గతించెను. మరుసటి యేడు కుమార్తె రేణుక, 1904లో ఆశ్రమమందే మశూచితో యువోపాధ్యాయుడు సతీశచంద్ర రాయ్, 1905లో మహర్షి పరమపదించిరి. పాఠశాల నిలిచెను.

తలిదండ్రులు ఇచ్చటికి పంపిన పిల్లలెట్టివారు? ఇంట మాట విననివారు, ఇతర పాఠశాలలు వెడలగొట్టినవారు అనేకులు. ఇది యొక దిద్దుబాటు శాలయని లోకమున పేరు పడెను. అట్టి పిల్లలకు బెత్తము లేకుండ చదువు చెప్పుట యెట్లని కొందరు ఉపాధ్యాయులకును సందేహముండెను. రవీంద్రుడు బెత్తమును నిషేధించెను. క్రమశిక్షణను బాలుర చేతికే ఇచ్చెను.

ఇది యెట్లు జరిగెనో కొంచెము వివరముగా చెప్పవలెను. బాలురు తమలో నాయకుల నెన్నుకొనిరి. వేకువ గంటకు ముందే ఒక గుంపు పాడుచు ఆశ్రమమంతయు తిరిగి తక్కినవారిని మేల్కొలుపును. గదులు ఊడ్చుకొనుట, స్నానము, ఒక్కొక్కడు తన యాసనముపై కూర్చుండి పావుగంట మౌనముగా నుండుట, పిదప చెట్లక్రింద తరగతులు. వీనిలో పెక్కింటిని నాయకులే చూచుకొందురు. తప్పు చేసినవానిని ఉపాధ్యాయుని యొద్దకు కొనిపోరు. బాలుర న్యాయసభ యొకటి గలదు, అచ్చట తోటివారే విచారింతురు, శిక్షయు వారే నిర్ణయింతురు. పెద్దలు జోక్యము చేసికొనరు. స్వహస్తములతో వ్రాసి, బొమ్మలు వేసి కూర్చు పత్రికలు గలవు. సాయంకాలములందు సాహిత్యసభలు, నాటకములు జరుగును. చుట్టుపట్ల పల్లెల వారికిని, ఆశ్రమ సేవకులకును రాత్రిబడి పెట్టి పండ్రెండు పదమూడేండ్ల వారు సైతము అక్షరములు నేర్పిరి. ఫుట్‌బాలు ఆటలో వీరికి మంచి పేరుండెను. పాఠమునకు వెలుపలివని వీనిని వేరుచేయుట రవీంద్రునకు తెలియదు. ఆయన దృష్టిలో పాఠమెంతయో ఇదియు నంతే. రొమ్మున బ్యాడ్జి ధరించి వరుసలు సరిచేయుటయే విద్యార్థినాయకత్వమని తలచు పాఠశాలలు నేటికిని గలవు. ఇచ్చట నాయకునకు నిజమైన పనియుండెను, ఆ పని చెడిపోవు నవకాశమును ఉండెను.

1907 వసంతపంచమినాడు ఆశ్రమమున ఋతూత్సవము మొట్టమొదట జరిగెను. దానిని తలపెట్టినది ఉపాధ్యాయుడు గాడు, కవియు గాడు. కవి కనిష్ఠపుత్రుడు, పదియేండ్ల శమీంద్రుడు. తోటి బాలురను కూర్చి, కొందరికి వర్షఋతువు వేషము, కొందరికి శరత్తు వేషము వేయించి, తాను వసంతుడై నిలిచెను. ఆ సంవత్సరమే సెలవులలో మిత్రునితో ముంగేరు వెళ్లి, అచ్చట విషూచి సోకి నవంబరు 23వ తేదీన మరణించెను. సరిగా ఐదేండ్లక్రితము తల్లి గతించిన దినమదియే. తండ్రి ఆశ్రమమునకు మరలివచ్చి తన పనిలో ప్రవేశించెను. మరుసటి యేడు వర్షోత్సవము జరిగెను. బాలురు నటించుటకై శారదోత్సవమను నాటకమును ఆయన వ్రాసెను. పిమ్మటి కాలమున శాంతినికేతన వసంతోత్సవమును చూడ వేలకొలది జనులు పోవుచుండిరి. దాని మొలకను నాటినది ఒక చిన్న పిల్లవాడని ఎందరికి తెలియును?

ప్రభుత్వమునకు ఈ పాఠశాలపై అనుమానమే. 1911–12లో తూర్పు బెంగాలు, అస్సాము ప్రభుత్వము, తన యుద్యోగుల పిల్లలకిది తగిన స్థలము గాదని రహస్యముగా ఆజ్ఞాపత్రము పంపెను. ఉద్యోగము పోవునను భీతిచే కొందరు తండ్రులు బిడ్డలను తీసికొనిపోయిరి. కవి తన పద్ధతిని మార్చుకొనలేదు.

బాలుర స్వయంపాలనకు గట్టి పరీక్ష 1915లో వచ్చెను. దక్షిణాఫ్రికానుండి ఫీనిక్సు ఆశ్రమ బాలురు అంతకుముందే శాంతినికేతనమునకు వచ్చి చేరియుండిరి. పిమ్మట గాంధీమహాత్ముడును వచ్చెను. వంటవాండ్రు, సేవకులు లేకుండ బాలురే తమ వంట చేసికొనరాదా యని ఆయన అడిగెను. ఉపాధ్యాయులు సమ్మతించినచో తనకు సంతోషమేయని రవీంద్రుడు తెలిపెను. మార్చి 10వ తేదీన సుమారు నూట యిరువదియైదుగురు బాలురు, గురువులు వంటశాలలో ప్రవేశించిరి. కొందరు కూరలు తరిగిరి, కొందరు ధాన్యము బాగుచేసిరి, కొందరు అంట్లు తోమిరి. తోమువారి విసుగు తీరుటకై వేరొక గుంపు ప్రక్కనుండి సితారు వాయించెను! పియర్సన్ దొర ఈ పనిలో తన్నుతాను మరచెను. కాని కొందరు త్వరలోనే అలసిరి. ప్రయోగము కొంతకాలమునకు ఆగిపోయెను. దీనిని దాచవలసిన పని లేదు. ఆగిపోయినదానిని ఆశ్రమము మరువలేదు: గాంధీపుణ్యాహమను పేర ఏటేట మార్చి 10న సేవకులకు సెలవిచ్చి, వారి పనులను విద్యార్థులు, అధ్యాపకులు చేయు ఆచారమేర్పడెను.

1919లో దక్షిణదేశ యాత్రలో రవీంద్రుడు మన మదనపల్లెకు విచ్చేసి, దివ్యజ్ఞాన కళాశాలలో కొన్నినాళ్లు విశ్రమించెను. జనగణమన గీతమును విద్యార్థుల సాయంకాల సమావేశమున పాడి వినిపించి, ఇచ్చటనే దానిని ఆంగ్లమున అనువదించెను.

ఆయన మనస్సు క్రమముగా పల్లెబాలుర వైపు మరలెను. ఆశ్రమ బాలురు తమ పనులు తాము చేసికొనిరి, సరే. ప్రక్కనున్న గ్రామముల పిల్లల గతి యేమి? 1922లో సురుల్ గ్రామమున, పిమ్మట శ్రీనికేతనమని ప్రసిద్ధమైన గ్రామసేవాకేంద్రము వెలసెను. లెనార్డ్ ఎల్మ్‌హర్స్ట్, కాళీమోహన ఘోషు మొదలగువారు అచ్చటి పల్లెపిల్లలను వ్రతీబాలకులను దళములుగా కూర్చిరి. స్కౌటుల పద్ధతి కొంత యున్నను, వీరి పని తమ యూరి పని. గ్రామపారిశుద్ధ్యము, మలేరియా నివారణ, పూరిండ్లకు నిప్పంటుకొన్నప్పుడు వరుసకట్టి ఆర్పుట వారు నేర్చిరి. 1924లో బీదపిల్లలకై శిక్షాసత్రమను పాఠశాల ఆరంభమయ్యెను. దానిని మొదట నడపినవాడు, బ్రహ్మచర్యాశ్రమపు తొలి విద్యార్థులలో నొకడైన సంతోషచంద్ర మజుందారు.

1930లో రష్యా వెళ్లినప్పుడు మాస్కోలో పయనీరు బాలుర నివాసమును చూచెను. తప్పులను తామే విచారించుకొందుమని వారు చెప్పగా విని ఆనందించెను. ఆయన ఆశ్రమమున ఎన్నడో పెట్టినదే గదా! అయినను మనుష్యులనందరను ఒకే యచ్చున పోయుటకు చేయు యత్నము నిలువదని ఆ దేశమునుండి వ్రాసిన లేఖలలో నిర్మొగమాటముగా తెలిపెను.

రవీంద్రుడు 1941 ఆగస్టు 7వ తేదీన దివంగతుడయ్యెను. తొలినాళ్లలో ఆశ్రమమున చదివిన సుధీరంజన్ దాసు 1956నుండి 1959వరకు భారత ప్రధాన న్యాయమూర్తిగా నుండెను. పదవీవిరమణానంతరము ఆయన విశ్వభారతికి ఉపకులపతియై, తాను చెట్లక్రింద కూర్చుండి చదివిన చోటికే తిరిగివచ్చెను.