ఆర్కిమిడీసు సమాధిరాయి

వృత్తములను గూర్చిన లెక్కలు చేయునపుడు 22/7 అను సంఖ్యను మనము మాఱుమాటాడక గైకొందుము. వృత్తపరిధి వ్యాసమునకు 22/7 రెట్లకంటె తక్కువయనియు, 223/71 రెట్లకంటె నెక్కువయనియు, 96 భుజముల ఆకృతులను వృత్తమునకు లోపలను వెలుపలను గీసి నిరూపించిన మహనీయుడు ఆర్కిమిడీసు. ఆయన చరిత్రమును మా చిన్న చదువరులకు సంక్షేపముగా విన్నవించుచున్నాము.

సిసిలీ ద్వీపమునందలి సిరక్యూసు పట్టణమున క్రీస్తునకు పూర్వము 287 ప్రాంతమున ఆయన జన్మించెను. తండ్రి ఫీడియాసు ఖగోళశాస్త్రము నెఱిగినవాడు. ఆ పట్టణపు రాజగు హీరోతో ఆయనకు చెలిమి కలదు. ఐగుప్తు దేశమునందలి అలెగ్జాండ్రియా నగర పండితులకు తాను కనుగొన్న సంగతులను వ్రాసి పంపుచుండెడివాడు.

రాజుగారి బంగారు కిరీటమున వెండి కలిసినదో లేదో నీటి సాయమున తేల్చెనను కథ బాలురకు సైతము తెలిసినదే. కాని ఆయన హృదయమునకు మిక్కిలి ప్రియమైనది వేఱొకటి. డబ్బాలో సరిగా నిమిడిన బంతి నూహింపుడు. బంతి గోళము; డబ్బా స్థూపము. గోళము స్థూపమును పైనను క్రిందను చుట్టును తాకుచుండును. ఆ గోళపు ఉపరితలము దాని మధ్యవృత్తమునకు 4 రెట్లనియు, స్థూపపు ఉపరితలము రెండు మూతలతో గూడ 6 రెట్లనియు, కావున మొదటిది రెండవదానిలో మూడింట రెండు వంతులనియు ఆయన నిరూపించెను. ఘనపరిమాణములందును అదియే నిష్పత్తి. మన దేశమున భాస్కరాచార్యుడు 1150లో రచించిన లీలావతియందును గోళతలమునకు ఈ 4 రెట్ల సూత్రమే కలదు.

క్రీ. పూ. 213లో రోమీయ సేనాని మార్సెల్లసు సిరక్యూసును ముట్టడించెను. ఆర్కిమిడీసు నిర్మించిన రాళ్లు రువ్వు యంత్రములును, ఓడలను పట్టి యెత్తు కొంకులును శత్రువులను చాలకాలము నిలువరించినవి. 212లో పట్టణము వారి వశమయ్యెను. ఆ వృద్ధునికి హాని చేయరాదని సేనాని కోరియుండినను, ఒక సైనికుడు ఆయనను వధించెను.

యంత్రముల వలన కీర్తి వచ్చినను, తన సమాధిపై గోళమును స్థూపమును నిలుపవలెనని ఆయన బంధుమిత్రులను కోరియుండెనట. క్రీ. పూ. 75లో సిసిలీయందు అధికారిగా నున్న సిసెరో, ముండ్లపొదలు కప్పిన యొక సమాధిని ఆ గుర్తుచేతనే కనుగొనెను. అప్పటికి ఊరివారే దానిని మఱచియుండిరి.

ఆ గుర్తునందలి సత్యము మన చెంతకెట్లు వచ్చునో చూతము. అనంతగిరి గల సూర్యాపేట జిల్లాయందే ఫణిగిరి గుట్టమీద ప్రాచీన బౌద్ధచైత్యపు శిథిలములు కలవు. అట్టి చైత్యములను గుండ్రని పీఠముపై అర్ధగోళమును నిలిపినట్లు కట్టుచుండిరి. లెక్కకొఱకు పీఠపు వ్యాసార్ధము 7 మూరలు, ఎత్తు 5 మూరలు, పై అర్ధగోళపు వ్యాసార్ధమును 7 మూరలే యనుకొందము. ఎంత తలమునకు సున్నము పూయవలెను? పీఠపు ప్రక్కతలము 220. అర్ధగోళపు వంపుతలము, రెండు వృత్తములతో సమానము గనుక, 308. వెరసి 528 చదరపు మూరలు.

కొందఱు విద్యార్థులు రెండు ఆకారముల సంపూర్ణతలములను వేఱువేఱుగ గట్టి, కూడి, 990 అందురు. హెచ్చైన 462 ఎక్కడిది? 154 చొప్పున మూడు వృత్తములు: నేల నానిన పీఠపు అడుగు, దాని పైమూత, ఆ మూతపై కూర్చున్న అర్ధగోళపు అడుగు. గాలి సోకని తలమునకు సున్నమేల? రెండు ఆకారములు కలిసినచోట అతుకు లోపలికి పోవును. వెలుపల నిలిచిన తలమునే కూడవలెను. సూత్రము కంఠస్థమైన మాత్రమున చాలదు. వస్తువును మనస్సున చుట్టిచూచి పిదప కలము పట్టవలెను.

సిరక్యూసును కాచిన యంత్రములు నశించినవి. సిసెరో చూచిన రాయియు నేడు కానరాదు. ఆ రాయిపై నిలిపిన నిష్పత్తి మాత్రము 2200 ఏండ్లు గడచినను చెక్కు చెదరక మన పలకలపై నిలిచియున్నది. తన పనులలో ఏది నిలుచునో ఆర్కిమిడీసు సరిగా నెఱిగియుండెను. మా విద్యార్థులును తాము చేయు పనులయందు అట్టి వివేకము నలవరచుకొందురుగాక.