మేరీ మహోనీ

వ్యాధిగ్రస్తుని చెంత రేయింబవళ్లు కనిపెట్టియుండి, వేళకు మందును పథ్యమును ఒసగు నర్సును మీరందరును చూచియే యుందురు. భద్రాచలపు అడవిపల్లెలలోనైనను, మహానగరములలోనైనను ఆమె సేవ యొక్కటియే. అట్టి సేవావిద్యను అభ్యసించుటకు సైతము శరీరచ్ఛాయ అడ్డువచ్చిన కాలమొకటి యుండెను. ఆ అడ్డును ఓర్పుచేతను, దక్షతచేతను దాటిన వనిత మేరీ ఎలైజా మహోనీ.

ఆమె 1845వ సంవత్సరమున అమెరికాలోని బోస్టన్ నగరమున జన్మించెను. తలిదండ్రులు నల్లజాతివారు. వారు ఉత్తర కరొలినా రాష్ట్రమున బానిసత్వము ననుభవించి, విముక్తులై బోస్టనుకు వలస వచ్చిరి. 1865లో ఆ దేశమంతటను బానిసత్వము చట్టరీత్యా రద్దయ్యెను. అయినను జనుల మనస్సులలోని వర్ణభేదము తొలగిపోలేదు.

మేరీకి యౌవనమునుండియు నర్సు కావలెనను కోరిక బలముగా నుండెను. బోస్టనులో స్త్రీ వైద్యులే నడుపుచుండిన న్యూ ఇంగ్లండు స్త్రీ శిశు వైద్యశాలలో ఆమె పనికి కుదిరెను. అచట వంట చేసెను, బట్టలు ఉదికెను, గదులు ఊడ్చి తుడిచెను, అవసరమైనపుడు నర్సులకు తోడ్పడెను. ఇట్లు సుమారు 15 సంవత్సరములు గడచెను.

ఆ వైద్యశాలయందు 1872లో నర్సు విద్యాలయము ఏర్పడెను. 1878లో, తన 33వ యేట, మేరీకి అందు ప్రవేశము లభించెను. ఏటేట నల్లజాతి విద్యార్థినిని ఒకతెను, యూదు విద్యార్థినిని ఒకతెను మాత్రమే చేర్చుకొనవలెనని అచటి నిబంధన. నల్లజాతివారిని గడప తొక్కనీయని విద్యాలయములు పెక్కు గల ఆ దినములలో ఇది ఔదార్యముగనే తోచెను. కాని యోగ్యురాండ్రు ఏడుగురు వచ్చినచో ఆరుగురు వెనుదిరుగవలసినదే కదా! తలుపు తెరచిరి, ఒక్కరు దూరునంత మాత్రమే తెరచిరి.

శిక్షణ 16 నెలలు సాగెను. తెల్లవారకమునుపే లేచి, రాత్రి ప్రొద్దుపోవువరకును రోగులను కనిపెట్టవలెను. నడుమ వైద్యుల ఉపన్యాసములు వినవలెను. కొన్ని నెలలు రోగుల గృహములకు పోయి సేవ చేయవలెను. ప్రవేశమున భేదము చూపిన నియమము శ్రమయందు ఆమెకు ఏ మినహాయింపును ఇయ్యలేదు. చేరిన సుమారు 40 మందిలో కడదాక నిలిచినవారు నలుగురే. వారిలో మేరీ యొకతె. 1879లో పట్టమును పొంది, అమెరికాలో నర్సు విద్యను పూర్తిచేసిన మొదటి నల్లజాతి వనితగా ఆమె ప్రసిద్ధి కెక్కెను.

తరువాత ఆమె సంపన్నుల గృహములలో రోగులకు సేవచేసెను. ఆనాడు నల్లజాతి నర్సును పనికత్తెగా నెంచుట వాడుక. మేరీ అందులకు తలయొగ్గక, పనివారి పంక్తిలో కూర్చుండక, వేరుగా భుజించెడిది. ఆమె నేర్పును, శాంతస్వభావమును మెచ్చి దూరప్రాంతములవారును ఆమెను పిలిపించుకొనిరి.

నాటి నర్సుల సంఘములలో నల్లజాతివారికి తగిన స్థానము లేకుండెను. అందుచే 1908లో వారు న్యూయార్కునందు తమకొక జాతీయ సంఘమును స్థాపించుకొనిరి. 1909లో బోస్టనున జరిగిన ప్రథమ మహాసభలో 64 ఏండ్ల మేరీ స్వాగతోపన్యాస మొసగెను. నర్సు విద్యలోని అసమానతలను నిర్భయముగా వివరించి, తాను చదివిన విద్యాలయముననే నల్లజాతి బాలికలను ఇంకను అధికముగా చేర్చుకొనవలెనని కోరెను. తనకు పట్టమిచ్చిన సంస్థయని ఆమె సంకోచింపలేదు.

1920లో అమెరికా స్త్రీలకు ఓటుహక్కు లభింపగా, 75 ఏండ్ల వయస్సున ఆమె తన పేరు నమోదు చేయించుకొనెను. 1926 జనవరి 4వ తేదీన పరమపదించెను. 1936లో ఆ సంఘము ఆమె పేర ఒక పురస్కారమును నెలకొల్పెను. 1951లో అది అమెరికా నర్సుల సంఘమున లీనమయ్యెను. 

ఇరుకు సందున తాను లోపలికి పోగలిగినది చాలునని మేరీ తృప్తి చెందియుండవచ్చును. ఆమె అట్లు చేయలేదు. వెనుక నిలిచియున్నవారికై ఆ తలుపును పూర్తిగా తెరువుమని అడిగినది. ఆమె గొప్పతనమంతయు అందే కలదు.