ఆగమంటే ఆగని గ్రేస్ హాపర్

మన డిపార్ట్‌మెంటు లాబ్‌లో కిటికీ పక్కనుండే మూడో నెంబరు కంప్యూటరు సంగతి మీలో చాలామందికి తెలుసు. పొద్దస్తమానం బుద్ధిగా పని చేసేది. సాయంత్రం మూసేద్దామనుకుంటే మాత్రం ఎక్కడలేని పౌరుషం వచ్చేది దానికి. షట్‌డౌన్ నొక్కితే కొంతసేపు ఆలోచించి, తెర నీలంగా ఒక్క మెరుపు మెరిసి, మళ్లీ మొదటికొచ్చి పాస్‌వర్డు అడిగేది. ఇంకోసారి నొక్కితే ఇంకోసారి అదే తంతు. విసుగెత్తి గోడ దగ్గర స్విచ్చి కట్టేసి వెళ్లిపోయేవాళ్లం. అలా కట్టేసిన ఒక సాయంత్రం, ఫైనలియర్ అమ్మాయి ఒకామె ప్రాజెక్టు ఫైలు పాడైపోయింది. మూడు వారాల శ్రమ!

తప్పు ఎవరిది అన్న ప్రశ్న వచ్చింది. గొడవ మొదలైన రోజుల్లో ఆ మిషను మీద ఎక్కువగా కూర్చున్నది ఒక జూనియర్ కుర్రాడు. వాడి పెన్‌డ్రైవులోంచే వైరస్ వచ్చి ఉంటుందని తీర్మానించాం. తీర్మానించిన వాళ్లలో అందరికంటే ముందు నిలబడి గట్టిగా మాట్లాడింది నేనే. వారం రోజులపాటు ఆ కుర్రాడు లాబ్ గుమ్మం తొక్కలేదు.

సంగతి మా మాస్టారి చెవిన పడింది. ఆయన కోప్పడలేదు. ఆ మిషను రిజిస్టరు ఏదీ అని మాత్రం అడిగారు. తెచ్చి చూపించాం. వచ్చినవాళ్ల సంతకాలు, టైములు తప్ప అందులో మరొక్క ముక్క లేదు. ఆయన ఓ నవ్వు నవ్వి, ముందు గ్రేస్ హాపర్ గురించి చదివి రమ్మని, మిషను సంగతి తర్వాత చూద్దామని అన్నారు. కంప్యూటరు చెడిపోతే జీవితచరిత్ర చదవమంటారేమిటి అని లోపల విసుక్కుంటూనే లైబ్రరీకి వెళ్లాను. అక్కడ తెలుసుకున్నదే ఇక్కడ చెబుతున్నాను.

గ్రేస్ బ్రూస్టర్ మర్రే 1906 డిసెంబరు 9న న్యూయార్కు నగరంలో పుట్టింది. ఏడేళ్ల వయసులో అలారం గడియారం ఎలా మోగుతుందో చూడాలని ఒకదాన్ని విప్పింది. బిగించడం చేతకాలేదు. రెండోది విప్పి చూస్తే తెలుస్తుందని దాన్నీ విప్పింది. అలా ఇంట్లో ఉన్న ఏడు గడియారాలూ ముక్కలయ్యాక తల్లి కనిపెట్టింది. దెబ్బలు పడలేదు గాని, ఇకమీదట విప్పడానికి ఒక్క గడియారమే అని హద్దు పెట్టింది. ఎంత గొప్ప తల్లి! మన ఇళ్లల్లో అయితే ఆ ఏడు గడియారాల కథ వీపు మీద మోగి ఉండేది.

చదువులో అన్నీ నల్లేరు మీద నడకలేమీ కావు. వాసర్ కాలేజీలో చేరబోతే లాటిన్ మార్కులు చాలక మొదటిసారి సీటు రాలేదు. మరుసటి ఏడాది చేరి 1928లో గణితం, భౌతికశాస్త్రాలలో పట్టా పుచ్చుకుంది. 1930లో విన్సెంట్ హాపర్‌ను పెళ్లాడింది. 1934లో యేల్ విశ్వవిద్యాలయం నుంచి గణితంలో డాక్టరేటు తీసుకుంది. చదువుకున్న వాసర్‌లోనే పాఠాలు చెప్పుకుంటూ హాయిగా కాలక్షేపం చెయ్యవచ్చు. ఇంతలో యుద్ధం వచ్చింది.

నౌకాదళంలో చేరతానని వెళితే వయసు ఎక్కువన్నారు. బరువు చూస్తే ఉండవలసిన దానికంటే 15 పౌండ్లు తక్కువ. పైగా గణితం చెప్పే ప్రొఫెసరు ఉన్నచోటే దేశానికి అవసరమన్నారు. పట్టు వదలకుండా మినహాయింపు సంపాదించి 1943 డిసెంబరులో చేరింది. శిక్షణలో అందరికంటే మొదటి స్థానంలో నిలిచింది. 1944 జులైలో ఆమెను ఓడ మీదికి కాక హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని ఒక యంత్రం దగ్గరికి పంపారు. దాని పేరు మార్క్ వన్. హోవార్డ్ ఐకెన్ అనే ఆచార్యుడు దానికి అధిపతి.

ఆ యంత్రాన్ని ఊహించుకోండి. పొడవు 51 అడుగులు, ఎత్తు 8 అడుగులు, బరువు సుమారు 5 టన్నులు. సెకనుకు మూడు కూడికలు చేసేది. ఒక్క గుణకారానికి ఆరు సెకన్లు పట్టేది. ఇవాళ మన జేబులో ఉన్న ఫోను ముందు అది నత్త. కాని నెలల తరబడి మనుషులు చేసే లెక్కల్ని రోజుల్లో తేల్చేది కాబట్టి రాత్రింబవళ్లు నడిపేవారు. ఆజ్ఞలన్నీ కాగితపు పట్టీల మీద చిల్లులుగా పొడిచి ఇవ్వాలి. ఒక్క చిల్లు తప్పు చోట పడితే లెక్కంతా తప్పే. 1944లో వాన్ నాయ్‌మన్ అనే మహా గణితవేత్త తెచ్చిన ఒక కష్టమైన లెక్కను కూడా ఆ యంత్రం మీదే చేశారు. అది అణుబాంబుకు సంబంధించినదని చేసినవాళ్లకు యుద్ధం ముగిశాక గాని తెలియలేదు.

ఇక్కడే అసలు విషయం ఉంది. యంత్రం ఆగిపోతే తప్పు ఎక్కడుందో ఎవరికి తెలుసు? ఆజ్ఞల్లో ఉండవచ్చు, పట్టీలో ఉండవచ్చు, లక్షల భాగాల్లో ఏ ఒక్కదానిలోనైనా ఉండవచ్చు. అందుకని హాపర్, ఆమె తోటివారు లెక్క మధ్యమధ్య సరిచూసే మెట్లు పెట్టేవారు. తేడా హద్దు దాటితే యంత్రం అక్కడికక్కడే ఆగిపోయేది. అంటే తప్పు ఎక్కడ పుట్టిందో ఆ దగ్గరలోనే దొరికేదన్నమాట. చివరిదాకా పోయాక వెతుక్కోవడం కాదు. ఐకెన్ ఆమెకు ఇంకో పని కూడా అప్పగించాడు. ఆ యంత్రానికి మాన్యువల్ వ్రాయమన్నాడు. తానెప్పుడూ పుస్తకం వ్రాయలేదని ఆమె తప్పించుకోబోయినా ఆయన వినలేదు. 1946లో అయిదు వందల పైచిలుకు పేజీలతో అది అచ్చయింది.

ఇప్పుడు అందరికీ తెలిసిన పురుగు కథకు వద్దాం. 1947 సెప్టెంబరు 9న హార్వర్డ్‌లో మార్క్ టూ అనే తర్వాతి యంత్రాన్ని పరీక్షిస్తుండగా అది మొరాయించింది. ఆ యంత్రం పనంతా రిలేలతో, అనగా కరెంటు వస్తే మూసుకుని పోతే తెరుచుకునే చిన్న మీటలతో సాగేది. వెతగ్గా వెతగ్గా 70వ నెంబరు రిలేలో ఒక చిమ్మట చిక్కుకుని చచ్చి ఉంది. దాన్ని తీసి పారెయ్యలేదు. లాగ్ పుస్తకంలో, టైము వేసి, టేపుతో అంటించి, నిజంగానే పురుగు దొరికిందని పక్కన చమత్కారంగా వ్రాశారు. ఆ పేజీ చిమ్మటతో సహా ఈనాటికీ వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది.

హాపరే ఆ పురుగును పట్టిందనీ, బగ్ అన్న మాట అప్పుడే పుట్టిందనీ చాలాచోట్ల చెబుతారు. రెండూ సరి కాదు. యంత్రంలో లోపాన్ని బగ్ అనడం 1878లోనే ఎడిసన్ ఉత్తరంలో కనిపిస్తుంది. చిమ్మటను పట్టినవారు, పుస్తకంలో అంటించినవారు ఆమె కాదు, తోటి ఉద్యోగులు. ఆమె ఆ కథను జీవితమంతా ఊరూరా చెప్పింది గనుక పేరు ఆమెకు అంటుకుపోయింది. చూశారా, యంత్రంలో తప్పునే కాదు, ఘనతను కూడా చూడకుండా ఎవరో ఒకరికి అంటగట్టడం మనకు అలవాటే! ఆ పేజీ ఉండబట్టి నిజం తెలిసింది. లేకపోతే నోటిమాటే చరిత్ర అయ్యేది.

ఆమె బతుకంతా పూలబాట కాదు. 1945లో విడాకులయ్యాయి. ఆ రోజుల్లో హార్వర్డ్‌లో స్త్రీకి స్థిరమైన స్థానం దొరికే ఆశ లేదు. పని ఒత్తిడిలో తాగుడు ఎక్కువై, 1949లో ఒకసారి పోలీసుల దాకా వెళ్లింది. స్నేహితులు చెయ్యి పట్టుకుని నిలబెట్టారు. ఆ ఏడాదే ఫిలడెల్ఫియాలో ఎకర్ట్, మాక్లీ అనే ఇద్దరు నడిపే కొత్త కంపెనీలో చేరింది. యూనివాక్ అనే కంప్యూటరు అక్కడ తయారవుతోంది. నలభై దాటాక మళ్లీ మొదటి నుంచి మొదలన్నమాట.

అక్కడ ఆమె గమనించిన సంగతి చాలా చిన్నది. ప్రోగ్రాములు వ్రాసేవారు తమకు పనికొచ్చే ఆజ్ఞల ముక్కల్ని నోటు పుస్తకాల్లో దాచుకుని, అవసరమైనప్పుడు ఒకరి పుస్తకంలోంచి మరొకరు ఎక్కించుకునేవారు. ఎక్కించుకునేటప్పుడు అక్షరం తప్పేది, స్థానాల లెక్క కూడేటప్పుడు అంకె తప్పేది. మనిషికి చూసి రాయడం, కూడటం రెండూ సరిగా రావు. యంత్రానికి వచ్చిన విద్యలు సరిగ్గా ఆ రెండే! మరి ఆ పని యంత్రానికే అప్పగిస్తే? 1952లో ఏ-జీరో అనే కంపైలరు ఆ ఆలోచనలోంచి పుట్టింది. కంప్యూటరు లెక్కలు చేస్తుంది గాని ప్రోగ్రాములు వ్రాయడమేమిటని చాలాకాలం ఎవరూ నమ్మలేదు.

తర్వాత ఆమె ఇంగ్లీషు మాటలతో ఆజ్ఞలివ్వవచ్చని చూపించింది. ఊరుకోక అదే ప్రోగ్రామును ఫ్రెంచిలో, జర్మన్‌లో కూడా నడిపి చూపేసరికి కంపెనీ పెద్దలు బెంబేలెత్తిపోయారు. అమెరికాలో చేసిన యంత్రానికి జర్మన్ ఎలా అర్థమవుతుందని వాళ్ల అనుమానం. నిజానికి దానికి ఏ భాషా రాదు, గుర్తులే తెలుసు. ఆ లెక్కన తెలుగు మాటలు పెట్టినా దానికొకటే. ఆ దారిలోనే ఫ్లో-మాటిక్, దాని పునాది మీద 1959లో మొదలైన కమిటీ కృషితో కోబాల్ వచ్చాయి. కోబాల్ ఆమె ఒక్కతే చేసింది కాదు, చాలామంది చేతులు అందులో ఉన్నాయి. 1960 డిసెంబరులో ఒకే కోబాల్ ప్రోగ్రాము రెండు వేర్వేరు కంపెనీల యంత్రాల మీద నడిచింది. ఆ రోజుల్లో అది వింతే.

ఇక నాకు అన్నిటికంటే నచ్చిన ఘట్టం. 1966 ఆఖరులో, 60 ఏళ్లు నిండాయని నౌకాదళం ఆమెను రిజర్వు నుంచి రిటైరు చేసింది. ఆమె ఎంతో బాధపడింది. ఏడు నెలలు గడిచాయో లేదో, 1967 ఆగస్టులో మళ్లీ రమ్మని పిలుపు! కోబాల్ ఒక్కో యంత్రం మీద ఒక్కో యాసలో తయారవుతోంది, దాన్ని ఒక దారికి తెచ్చి పెట్టాలి, ఆరు నెలల పని అన్నారు. ఏ కంపైలరు ప్రమాణానికి కట్టుబడి ఉందో, ఏది తప్పుతోందో పట్టిచ్చే పరీక్షా ప్రోగ్రాముల పనిని ఆమె నడిపించింది. 1971లో మళ్లీ రిటైరయింది. 1972లో మళ్లీ పిలిచారు. ఆ ఆరు నెలలు చివరికి పందొమ్మిదేళ్ల దాకా సాగాయి. మన మూడో నెంబరు కంప్యూటరు లాగే ఆమెను కూడా ఎన్నిసార్లు ఆపినా మళ్లీ మొదలయ్యేది! ఒక్కటే తేడా. యంత్రానికి అది రోగం, ఆమెకు అది ఆరోగ్యం.

కెప్టెన్ అయింది, కమొడోర్ అయింది, 1985లో రియర్ అడ్మిరల్ అయింది. ఆఫీసు గోడ మీద ముళ్లు వెనక్కి తిరిగే గడియారం పెట్టుకుంది. ఎప్పటినుంచో ఇలాగే చేస్తున్నాం అనేవాళ్లకు, ఇలా కూడా టైము తెలుస్తుంది సుమా అని చూపడానికి. ఉపన్యాసాలకు వెళితే అడుగు కంటే కాస్త పొట్టిగా కత్తిరించిన తీగ ముక్కలు పంచేది. సెకనులో వంద కోట్లవ వంతు కాలంలో వెలుతురు ప్రయాణించే దూరం అది. కంటికి కనిపించని ఆలస్యాన్ని చేతికి అందించడమంటే అదీ. 1986 ఆగస్టు 14న, 79 ఏళ్ల వయసులో, బోస్టన్ రేవులో కాన్‌స్టిట్యూషన్ అనే పురాతన యుద్ధనౌక మీద చివరిసారి రిటైరయింది. ఆ తర్వాత కూడా ఊరుకోక ఒక కంప్యూటరు కంపెనీకి సలహాదారుగా చేరింది. 1992 జనవరి 1న నిద్రలో కన్నుమూసింది. ఆర్లింగ్టన్ సైనిక శ్మశానంలో సమాధి చేశారు.

ఇదంతా చదివి లాబ్‌కి వచ్చాక ఒక కొత్త రెండొందల పేజీల పుస్తకం కొని మూడో నెంబరు పక్కన పెట్టాను. కంప్యూటరు మూసుకునేటప్పుడు ముందు ప్రోగ్రాములను ముగించమంటుంది, జ్ఞాపకంలో మిగిలినదాన్ని డిస్కు మీద వ్రాస్తుంది, తగిలించిన ఒక్కో పరికరాన్నీ దాని డ్రైవరు ద్వారా నిద్రపుచ్చుతుంది. అందులో ఒక్క డ్రైవరు సరిగా బదులివ్వకపోయినా మొత్తం కూలిపోతుంది. కూలితే తనంత తాను మళ్లీ మొదలవమని సెట్టింగుల్లో ముందే ఉంటుంది. మనకు కనబడే మొండితనం అదే. గోడ స్విచ్చి కట్టేస్తే ఆ వ్రాత మధ్యలోనే తెగిపోతుంది. ఆ అమ్మాయి ఫైలు అందుకే పోయి ఉంటుంది.

మొదట ఆ తనంత తాను మొదలయ్యే ఏర్పాటును తీసేశాను. ఈసారి నీలం తెర మెరిసి మాయం కాకుండా నిలబడింది. దాని మీద ఒక డ్రైవరు పేరుంది. అయినా తొందరపడలేదు. ప్రింటరు పీకి చూశాను, అదే గొడవ. పుస్తకంలో వ్రాశాను. పెన్‌డ్రైవులన్నీ తీసి, వైరస్ పరీక్ష చేసి చూశాను, ఏమీ లేదు. వ్రాశాను. వెనకాల గుచ్చిన వైర్‌లెస్ నెట్‌వర్కు పుల్ల తీసి చూశాను. మిషను పసిపిల్లలా నిద్రపోయింది! మళ్లీ పెట్టాను, కూలింది. తీశాను, నిద్రపోయింది. మూడుసార్లు అలా చేసి, పాత డ్రైవరు తీసేసి కొత్తది వేశాక పుల్ల ఉన్నా గొడవ లేదు.

అయితే ఆ పుల్లను అక్కడ గుచ్చి, ఎప్పటిదో పాత డ్రైవరును ఎక్కించిందెవరు? ఈ వ్యాసకర్తే! అంతకు నెల ముందు, ఇంటర్నెట్టు త్వరగా వస్తుందని, ఎవరికీ చెప్పకుండా పెట్టాను. రిజిస్టరులో వ్రాయలేదు. వ్రాసి ఉంటే అయిదు నిమిషాల్లో తేలేది. కనీసం నాకైనా గుర్తొచ్చేది. పుస్తకంలో ఆ పేజీలోనే నా పేరు, తేదీ వేసి జరిగింది జరిగినట్టు వ్రాశాను. సాయంత్రం హాస్టల్‌కి వెళ్లి ఆ తమ్ముడిని క్షమించమని అడిగాను. వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, అన్నా, ఆ పేజీ నేనొకసారి చూడొచ్చా అని అడిగాడు. ఆ ప్రాజెక్టు ఫైలు మాత్రం తిరిగి రాలేదు. ఆమె మళ్లీ మొదటి నుంచి చేసుకుంది. నాకు చేతనైనంత టైపు చేసి పెట్టాను.

మిత్రులారా, వచ్చే ఏడాది ఆ లాబ్ మీది. మూడో నెంబరు పక్కన పుస్తకం ఉంటుంది, దారంతో కట్టిన పెన్ను ఉంటుంది. ఏం తగిలించారో, ఏం తీశారో, ఏం జరిగిందో రెండు ముక్కలు వ్రాయండి. పురుగు దొరికితే అంటించండి. మనిషి మీద వేలు చూపించే ముందు మాత్రం ఒకసారి ఆ పుస్తకం తిరగెయ్యండి.