పండిత రమాబాయి సరస్వతి

మతము మార్చుకొన్నవారిని మన దేశమున రెండు వైపులవారును శంకించుచుందురు. పుట్టినయింటివారు వారిని పరాయివారినిగా జూతురు; చేర్చుకొన్నవారు ఇంకను తమ అచ్చులో పూర్తిగా ఒదుగలేదని సందేహింతురు. మనలో పెక్కు కుటుంబములకు ఈ యనుభవము క్రొత్తది కాదు. కావుననే ఈ రెంటి నడుమ సుమారు 40 ఏండ్లు క్రైస్తవురాలిగా నిలిచిన ఒక మహారాష్ట్ర వనిత చరిత్రమును మన సంఘసోదరుల యెదుట నుంచుచున్నాము.

రమాబాయి 1858 ఏప్రిలు 23 వ తేదీన పడమటి కనుమలలోని గంగామూలమను అరణ్యప్రదేశమున జన్మించెను. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే చిత్పావన బ్రాహ్మణుడు. స్త్రీలకు సంస్కృతము నేర్పరాదను ఆచారమును త్రోసిపుచ్చి ఆయన భార్యకు జదువు చెప్పి, పండితుల యాగ్రహమునకు పాత్రుడయ్యెను. ఆ తల్లియొద్దనే రమాబాయి సంస్కృతము నేర్చుకొనెను. పురాణపఠనమే జీవనాధారముగా ఆ కుటుంబము తీర్థములన్నియు దిరిగెను.

1870 దశకపు క్షామము వారిని దక్షిణదేశమున బట్టుకొనెను. ఉన్న ద్రవ్యము పూజలకును దానములకును ముగిసెను. కూలిపని చేయుట ఎరుగరు, బిచ్చమెత్తుటకు అభిమానము అడ్డువచ్చెను. మన తిరుపతి ప్రాంతపు అడవిలోనే వారు ఆకులును అడవి ఈతపండ్లును దిని దినములు గడపిరి. తండ్రి, తల్లి, అక్క ఒకరి వెనుక ఒకరు గతించిరి. మిగిలిన అన్నతో రమాబాయి కాలినడకను దేశము దిరిగి 1878 లో కలకత్తా చేరెను. అచటి పండితులు ఆమె విద్యకు విస్మితులై పండిత యనియు, సరస్వతి యనియు బిరుదము లొసగిరి.

1880 లో అన్న మరణించెను. అదే సంవత్సరమున ఆమె వంగదేశీయుడును శూద్రకులజుడును అగు బిపినబిహారి మేధావి యను న్యాయవాదిని వివాహమాడెను. రెండేండ్లు నిండకమునుపే భర్త విషూచిచే మృతిజెందగా, పసిబిడ్డ మనోరమతో ఆమె మిగిలెను. భర్త గ్రంథములలో దొరకిన లూకా సువార్త వంగభాషాప్రతి ఆమె చిత్తమును అప్పటికే ఆకర్షించియుండెను. పూనాలో ఆర్యమహిళాసమాజమును స్థాపించిన పిమ్మట ఆమె ఆంగ్లదేశమున కేగి, 1883 సెప్టెంబరు 29 న వాంటేజి పట్టణమున కూతురితో గూడ బాప్తిస్మము పొందెను.

ఇచటినుండియే అసలు పరీక్ష ప్రారంభమయ్యెను. ఆమెను ఆదరించిన ఆంగ్ల సన్న్యాసినులు సజ్జనులే. అయినను క్రైస్తవత్వముతోపాటు తమ సంఘపు కట్టుబాటులన్నియు ఆమె ప్రశ్నింపక స్వీకరింపవలెనని వారి కోరిక. ఆమె మాంసము ముట్టలేదు. సిలువపై లాటిను అక్షరము లేల యుండవలెను, సంస్కృతము దానికంటె తక్కువయా యని ఆమె వాదించెను. త్రిత్వసిద్ధాంతమున ఆమెకు సంశయము లుండెను. అవి తీరకముందే తీరినట్లు నటించుటకు ఆమె యొప్పుకొనలేదు. సిస్టరు జెరాల్డీనుతో ఆమె నడపిన ఉత్తరప్రత్యుత్తరములు చదువువారికి, పోషకులయెడ కృతజ్ఞత వేరు, మనస్సాక్షి నప్పగించుట వేరు అని ఆమె ఎంత స్పష్టముగా నెరిగియుండెనో తెలియును. ఆ సంశయములు పిదప తీరినవి గాని యొకరి యొత్తిడిచే దీరలేదు.

అమెరికాలో మిత్రులను సంపాదించి, ద్విజస్త్రీల దుస్థితినిగూర్చి 1887 లో ఆంగ్లమున గ్రంథము ప్రకటించి, 1889 లో బొంబాయియందు బాలవితంతువులకై శారదాసదనము నెలకొల్పెను. మరుసటియేట అది పూనాకు మారెను. అచట బాలికలు తమ కులాచారములను పాటించుకొనుటకు వీలు గలదు, మతబోధ లేదు. అయితే ఆమె తన గది తలుపు మూయక ప్రార్థించుకొనుచుండెను. ఇష్టపడిన బాలికలు వచ్చి కూర్చుండుచుండిరి. ఈ తెరచిన తలుపే 1893 లో పెద్ద కలహమునకు గారణమయ్యెను. పత్రికలు ఘోషించెను, రానడే, భండార్కరు మున్నగు సలహాదారులు వైదొలగిరి, తల్లిదండ్రులు తమ పిల్లలను గొనిపోయిరి. వారి భయము కేవలము నిరాధారమని మేమనజాలము, ఏలనగా పిమ్మట కొందరు బాలికలు క్రైస్తవులైరి. కాని తలుపు మూసికొని ప్రార్థించినచో సదనము నిండియే యుండెడిది. ఆమె మూయలేదు.

1896 లో మధ్యపరగణాలలో క్షామము వచ్చినప్పుడు, చిన్ననాటి యాకలిని మరువని యా తల్లి స్వయముగా పోయి వందలకొలది బాలికలను దెచ్చెను. పూనాకు సమీపమున కేడ్గాములో ముక్తిసదనము వెలసెను. 1900 నాటి క్షామముతో అచటి వారి సంఖ్య సుమారు 2,000 అయ్యెను. నేత, సేద్యము, అచ్చుపని అన్నియు స్త్రీలే నడపిరి. ఆమె తెల్లచీరయే కట్టెను, మరాఠీయే పలికెను. ఆ సదనము నేటికిని నడచుచున్నది.

కడపటి సంవత్సరములలో ఆమె హెబ్రీ, గ్రీకు భాషలు నేర్చి బైబిలును మరాఠీకి దెచ్చుటకు బూనెను. పండితభాషలో గాదు, తన సదనములోని పల్లెస్త్రీల కర్థమగు మాటలలో. సంస్కృతమున సరస్వతి యనిపించుకొన్న యామె ఆ పదజాలమును విడుచుట మాకు మిగుల నాశ్చర్యకరముగ దోచును. 1921 లో మనోరమ మరణించెను. పని మానక, అనువాదము ముగించి, 1922 ఏప్రిలు 5 న రమాబాయి కన్నుమూసెను. ఆ గ్రంథము 1924 లో ముక్తిసదనపు ముద్రాలయముననే వెలువడెను.