గుండీని కూడా వదలని చిత్రకారుడు

ఉద్యోగ జీవితంలో చాలాకాలం నేను స్టోర్స్ సెక్షన్‌లో యూనిఫాం గుడ్డలు, బెల్టులు, బ్యాడ్జీలు ఇచ్చి రిజిస్టరులో సంతకాలు తీసుకున్నవాణ్ణి. అందుకే ఈ ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని సంపాదకులు అడగ్గానే, సైనికుల యూనిఫాంలు గీయడానికే జీవితాన్ని అంకితం చేసిన జర్మన్ చిత్రకారుడు రిచర్డ్ క్నోటెల్ గుర్తుకొచ్చారు.

ఆయన 1857 జనవరి 12న గ్లోగౌ పట్టణంలో జన్మించారు. ఆనాడది ప్రష్యా రాజ్యంలోది, ఇప్పుడు పోలండ్‌లో ఉంది. బొమ్మలు వేయడంలో తొలి గురువు తండ్రే. 1880లో బెర్లిన్ కళా అకాడమీలో చేరారు.

యుద్ధ చిత్రాలు వేసేవారికి ఆ రోజుల్లో కొదవ లేదు. క్నోటెల్ దృష్టి మాత్రం మామూలు సిపాయి మీద నిలిచింది. ఏ కాలంలో ఏ పటాలం టోపీ ఎలా ఉండేది, తుపాకీ ఏ రకం, కత్తి ఎలా వేలాడేది అన్నవే ఆయనకు ముఖ్యం. ప్రష్యా పదాతి పటాలాలు చాలావరకు ఒకే నీలి కోటు తొడిగేవి. కాలరు రంగు, చేతిమడత రంగు, గుండీలు పసుపా తెలుపా అన్నదాన్ని బట్టి పటాలాన్ని గుర్తుపట్టేవారు. గుండీ తప్పు గీస్తే పటాలమే మారిపోతుంది.

1890లో యూనిఫాంల చరిత్రపై విడి పటాల రూపంలో ఆయన మహాగ్రంథం వెలువడసాగింది. అనేక దేశాల సైన్యాలతో అది 18 సంపుటాలకు, సుమారు వెయ్యి పటాలకు పెరిగింది. 1896లో అందరికీ పనికొచ్చే ఒక చిన్న గ్రంథం కూడా తెచ్చారు.

1914 ఏప్రిల్ 26న, 57వ ఏట, బెర్లిన్‌లో కన్నుమూశారు. మూడు నెలలకే మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. జర్మన్ సైనికులు అప్పటికే నీలం వదిలి బూడిదరంగు దుస్తుల్లో యుద్ధానికి వెళ్లారు. ఎర్ర పంట్లాములతో దిగిన ఫ్రెంచివారు కూడా మరుసటి ఏడాది రంగు మార్చుకున్నారు. రంగు కనబడితే గుండు తగిలే కాలం వచ్చింది. క్నోటెల్ గీసిన లోకం కాగితం మీదే మిగిలింది. కుమారుడు హెర్బర్ట్ కూడా అదే విద్య చేపట్టి, తండ్రి చిన్న గ్రంథాన్ని 1937లో మరొకరితో కలిసి విస్తరించారు.

ఆయన కథ చదివినప్పుడల్లా నాకు ఒక తప్పు గుర్తొస్తుంది. ఒక ఏడాది పాత నమూనా ఇత్తడి బ్యాడ్జీలు, గుండీలు పనికిరానివంటూ నేనే జాబితా రాసి వేలానికి పంపాను. నమూనాకు ఒక్కటైనా ఉంచలేదు. మొన్న మనవడు, ఇదే శాఖలో పనిచేసిన మా నాన్నగారి పాత ఫొటో చూపించి, టోపీ మీద బ్యాడ్జీలో ఏముందని అడిగాడు. ఫొటోలో మసకగా ఉంది. వందలకొద్దీ నా చేతుల మీదుగా పోయినా నాకూ గుర్తులేదు.

మిత్రులారా, మీ పెట్టెల్లో పాత బ్యాడ్జీ, బెల్టు బిళ్ల ఏదైనా ఉంటే పారేయకండి. అది ఏ సంవత్సరానిదో, ఎవరు ధరించారో చీటీ మీద రాసి దానితోపాటు ఉంచండి.